వైరస్ రాని శుక్రవారం

మనిషి ముఖం చూడటానికి వరుసలో కూర్చున్న రోజులు కూడా ఉండేవని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆ రోజుల్లో మా ఖానాపూర్‌లో శుక్రవారం వచ్చిందంటే ఆడవాళ్లు తలకు పోసుకుని, పెట్టెలో దాచిన చీర తీసి కట్టుకుని, పిల్లల ముఖాలకు పౌడర్ అద్ది బయలుదేరేవాళ్లు. గుడికి కాదు, మా నెట్ సెంటర్‌కు. శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో మా ఊరి మగవాళ్లు కూడా అట్లాగే స్నానాలు చేసి అక్కడి నెట్ సెంటర్లలో కూర్చునేవాళ్లు. ఆ వరుసకూ ఈ వరుసకూ మధ్య ఒక సముద్రమూ, నా నాలుగు డొక్కు కంప్యూటర్లూ ఉండేవి. నాకప్పుడు ఇరవై ఏళ్లు. కరీంనగర్ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేసి వచ్చాను కాబట్టి ఊళ్లో నన్ను ఇంజినీర్ అని పిలిచేవాళ్లు. (నేనూ కాదనలేదు. పెద్దవాళ్లు పిలిస్తే పలకకపోవడం మర్యాద కాదు కదా.)

సెంటర్ యజమానిని అందరూ మస్కట్ మామ అనేవాళ్లు. మస్కట్‌లో పనిచేసి, నడుము నొప్పితో తిరిగొచ్చి ఈ సెంటర్ పెట్టాడు. మగపిల్లల ముందు మొగుళ్లతో మాట్లాడటానికి ఆడవాళ్లు సిగ్గుపడుతున్నారని నన్ను పనిలోకి తీసుకున్నాడు. ఆయనకు కంప్యూటర్లో వచ్చింది ఒక్క పత్తాలాటే, అంటే పేకాట. మా మిషన్లకున్న రోగం ఏమిటంటే వైరస్. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన ప్రతి మనిషీ అత్తరు సీసాతో పాటు ఒక పెన్‌డ్రైవ్ తెచ్చేవాడు. అందులో పాటలు, ఫోటోలు, వాటి కింద వైరసులు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఫోల్డర్లు మాయమయ్యేవి, వాటి వేషంలో దొంగ ఫోల్డర్లు వచ్చి కూర్చునేవి, కంప్యూటర్ దానికి బుద్ధి పుట్టినప్పుడు ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. యాంటీవైరస్ ఉండేది కానీ దాని గడువు ఎప్పుడో తీరిపోయింది. మామ ప్రతి మిషన్‌కూ నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, శనివారం శనివారం మార్చేవాడు. మా సెంటర్లో వారం వారం అప్‌డేట్ అయ్యే రక్షణ అదొక్కటే.

అదే సమయంలో మా అక్కకు ఆడపిల్ల పుట్టింది. అక్కకు ఐదో నెల పడ్డప్పుడు బావ కువైట్ పోయాడు, కాన్పు మా ఇంట్లోనే అయింది. పురిటి పిల్లకు ఫోటో తీస్తే దిష్టి తగులుతుందని మా అవ్వ కెమెరాను గడప దాటనివ్వలేదు. అంటే బావ తన బిడ్డను ఫోటోలో కూడా చూడలేదు. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేస్తారు కదా, ఆ రోజే పిల్లను సెంటర్‌కు తీసుకొచ్చి తండ్రికి చూపిద్దామని అందరం అనుకున్నాం. పంతులు బుధవారం మంచిదన్నాడు, బావ శుక్రవారమే సెలవన్నాడు, పంచాంగమే సర్దుకుంది. అయితే దానికి ముందటి శుక్రవారం బావ నాతో మాట్లాడుతూ "ముక్కు ఎవల్ది అచ్చిందే, నాదా మీ అక్కదా?" అని అడుగుతుండగానే మిషన్ ఠపీమని ఆగిపోయింది. కాసేపటికి ఇంటికి ఫోన్ చేశాడు. "మరదలా, అచ్చే శుక్రారం గిట్ల గాకుంట జూడవే. నా బిడ్డ మొఖం జూసేదాంక నాకు బుక్క దిగుతలేదు" అన్నాడు. ఎప్పుడూ నన్ను ఏడిపించే మనిషి ఆ రోజు ఒక్క పరాచికం కూడా ఆడలేదు. నాకు రోషం పొడుచుకొచ్చింది.

మర్నాడే బస్సెక్కి కరీంనగర్‌లో మా కోర్సు సార్ దగ్గరకు పోయాను. ఆయన అంతా విని, "అప్‌డేట్లు బంజేసిండ్రా?" అన్నాడు. "చేసినం సార్. అప్‌డేట్ అయితే మా విండోస్ దొంగ కాపీ అని తెరంత నల్లగయితది" అన్నాను. "దొంగ కాపీ తెచ్చుకొని, దొంగలొస్తుండ్రని ఏడుస్తుండ్రా! దాన్నేం అనకు, అది మంచిగనే కాపాడుతది, మీరే దాని చేతులు కట్టేసిండ్రు" అని నవ్వాడు. తర్వాత లైనక్స్ అని ఒక సీడీ చేతిలో పెట్టాడు. "మీ విండోస్ల ఎవలు గూసుంటే వాళ్లే ఇంటోల్లు. వైరస్ అచ్చినా ఇంటోనిలెక్కనే తిరుగుతది. గీ లైనక్స్‌ల కూసున్నోడు కిరాయోడు. ఏ గోడకు మొల గొట్టాలన్నా అసలు ఇంటోని తాళంచెయ్యి అడుగుతది. వైరస్ అసలే రాదని గాదు గని, వచ్చినా దాని ఆటలు సాగయ్. అయితే నీ దగ్గరున్న సామాన్లన్నీ దీంట్ల పనిచేస్తున్నయో లేదో సూసుకొనే మార్చు." ఆ చివరి మాట నేను వినలేదు. విన్నాను గానీ, అది తెలివితక్కువ వాళ్లకు చెప్పే మాట అనుకున్నాను. తిరుగుబస్సు కొండగట్టు గుడి దగ్గరికి రాగానే అందరితో పాటు నేనూ దండం పెట్టుకుని, సీడీ ఉన్న సంచిని కూడా కాస్త పైకెత్తాను.

గురువారం నాలుగు మిషన్లలోనూ పాతదంతా తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కించాను. ఆ పూట నాకున్న గర్వం చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఊళ్లో పేరుమోసిన రోగిష్టి పెన్‌డ్రైవులన్నీ అడిగి తెప్పించి ఒక్కొక్కటే గుచ్చాను. లోపల వైరస్ ఫైళ్లు వరుసగా కనిపిస్తున్నాయి, ఒక్కటీ కదలడం లేదు. నొక్కినా లేవడం లేదు. "సూడు మామా, సచ్చిపడ్డయ్!" అని కేకేశాను. మామ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "గవి సచ్చినయ్ సరే, నా పత్తాలాట ఏడవోయిందే?" అన్నాడు. సాయంత్రం ఇంటికి పోతే అక్క గుమ్మంలోనే ఉంది. "మిషన్ మంచిగుందా చెల్లె? ఆగిపోదు గదా?" అని అడిగింది. వారంలో ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. "జిందగీల వైరస్ రాదు, ఫికర్ జెయ్యకు" అన్నాను. అక్క నవ్వి, బావకు ఇష్టమైన ఆకుపచ్చ చీరను మడత విప్పి మంచం మీద పరిచింది.

శుక్రవారం అక్క వచ్చేసరికి సెంటర్ నిండిపోయి ఉంది. తలకు రుమాలు, చెవుల్లో దూది, పక్కన అవ్వ, చేతుల్లో పిల్ల. బాలింత కాబట్టి ఆడవాళ్లంతా లేచి ముందు నువ్వే కూర్చోమన్నారు. ముందు వరుసలో ఉన్న బీడీల అత్త కూడా (వంతు వచ్చేదాకా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునే మనిషి) చాటతో సహా పక్కకు జరిగింది. హెడ్‌ఫోన్ పెట్టుకోవాలంటే దూది తీయాలి, దూది తీస్తే గాలి పడుతుందని అవ్వ ఒప్పుకోదు. చివరకు ఒక చెవి దూదికీ ఒక చెవి బావకూ అని రాజీ కుదిరింది. నేను నొక్కాను. బావ వచ్చాడు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డాడో, తల నున్నగా దువ్వుకుని, పెండ్లి చొక్కా తొడుక్కుని, చేతిలో గులాబీ రంగు గౌను పట్టుకుని కూర్చున్నాడు. అక్క ముఖం వెలిగిపోయింది. పిల్లను రెండు చేతులతో ఎత్తి కెమెరా ముందు పెట్టింది.

"ఏది? ఏం కనవడ్తలేదు. నల్లగుంది" అన్నాడు బావ. కెమెరా వైరు తీసి పెట్టాను. ఇంకో మిషన్‌కు మార్చాను. అక్కను లేపి మూడో దాని ముందు కూర్చోబెట్టాను. ఎక్కడ పెట్టినా మా కెమెరాలు చచ్చినట్టు పడి ఉన్నాయి. అప్పుడు అడుగున పడేసిన కెమెరా పెట్టె తీసి చూస్తే, విండోస్‌లోనే పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉంది. వైరసులన్నిటినీ పరీక్షించిన ఇంజినీరమ్మ, కెమెరా ఒక్కటి పరీక్షించలేదు! శుక్రవారం వచ్చేదే ఆ కెమెరా కోసం అన్న సంగతి గుర్తే రాలేదు. సార్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాతది మళ్లీ ఎక్కించాలంటే పూట పడుతుంది, బావ వెనక అక్కడ ఇంకో పదిమంది వంతు కోసం నిలబడి ఉన్నారు. సంగతి చెప్పాను. బావ నవ్వు తెచ్చుకుని, "మంచిగనే కట్టినవే మరదలా గోడ. వైరస్ రాకపాయె, నేను గూడ రాకపోతి" అన్నాడు. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. నేను నవ్వలేదు, అక్క అసలే నవ్వలేదు.

"సరే పోనీ, జర ఏడిపియ్యుండ్రి. గొంతన్న ఇంట" అన్నాడు బావ. హెడ్‌ఫోన్ మైకును పిల్ల నోటి దగ్గర పెట్టాం. పొద్దుటి నుంచి ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చిన పిల్ల, ఇప్పుడు కళ్లు తిప్పుతూ అందరినీ చూస్తూ ఉంది. మామ ఫ్యాన్ బంద్ చేశాడు. ఈలోగా మిగతా మిషన్ల ముందు కూర్చుని ఒట్టి గొంతుతోనే మాట్లాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు తమ మొగుళ్లకు "జరసేపు ఆగు" అని చెప్పి ఊరుకున్నారు. "అరికాలు గిల్లవే" అంది బీడీల అత్త. "నేను గిల్ల" అంది అక్క. "నేను గిల్తనా?" అని అత్త చాటతో సహా ముందుకు వంగింది. ఆ చాటలోని తంబాకు ఘాటు తగిలిందేమో, పిల్ల ముక్కు ముడిచి చిన్నగా తుమ్మింది. పిచ్చుక తుమ్మితే ఎంత ఉంటుందో అంత.

"నూరేండ్లు!" అన్నాడు బావ వెంటనే. "నూరేండ్లు బిడ్డా, నూరేండ్లు." తండ్రి బిడ్డతో అన్న మొదటి మాట అదే. అనేసి, చేతిలో ఉన్న ఆ గులాబీ గౌనును ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తనకు మేం కనిపించడం లేదు కాబట్టి మాకు తను కూడా కనిపించడనుకున్నాడు పాపం. భుజాలు కదలడం అందరం చూశాం. బీడీల అత్త ముఖం తిప్పుకుని, చుట్టిన బీడీనే విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. అక్క తెర మీద ఆయన తల ఉన్నచోట చెయ్యి పెట్టి, "నేను జూస్తున్న, నువ్వు ఏడువకు" అంది. బావ గబగబా గౌను దించి, "ఎవలు ఏడుస్తుండ్రు? ఈడ ఏసీ సల్లగాలి కండ్లకు గొడుతుంది" అన్నాడు. తర్వాత హెడ్‌ఫోన్‌ను పిల్ల చెవికి ఆనించి పట్టుకున్నాం. ఆయన అనుకున్న పేరు మూడుసార్లు చెప్పాడు. (ఆ పేరు ఇక్కడ రాస్తే ఆ పిల్ల నాతో మాట్లాడదు.) మేనత్త చెప్పాల్సిన పేరును తండ్రి చెప్పాడని అవ్వ కొంచెం గొణిగింది గానీ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే గొణిగింది.

మర్నాడు ఒక మిషన్‌లో పాత విండోస్ ఎక్కించి, ఈసారి పెన్‌డ్రైవ్ గుచ్చే సందులకు దెబ్బలకు వేసే ప్లాస్టర్ అంటించి, వచ్చే శుక్రవారం కోసం కాచుకుని కూర్చున్నాను. కానీ ఆ వారంలోనే బావను ఎక్కడో ఎడారిలో ఉన్న ఇంకో సైటుకు పంపారు. అక్కడ నెట్ సెంటర్ లేదు, ఇంటికి ఫోన్ చేయడం ఒక్కటే. సెలవు మీద వచ్చేసరికి పిల్ల పరుగులు పెడుతోంది. ఆయన వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని పేరు పెట్టి పిలిస్తే, పిల్ల ఆ గొంతు గుర్తుపట్టింది. గుర్తుపట్టి, సంతోషంగా కేక వేసి, ఆయనను దాటుకుని ఇంట్లోకి ఫోన్ దగ్గరికి ఉరికింది. మేమంతా పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాం. బావ కూడా నవ్వాడు, తర్వాత చాలాసేపు చెప్పులు విప్పకుండా ఆ వాకిట్లోనే కూర్చున్నాడు.

ఇప్పుడు నెట్ సెంటర్ లేదు, అక్కడ బిర్యానీ హోటల్ వచ్చింది. కంప్యూటర్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతున్నాయి, వాటికి వైరస్ పట్టిందని విని ఎన్నాళ్లయిందో. ఎవరి ముఖం కావాలన్నా చెయ్యి చాస్తే చాలు. అంత సులువుగా దొరికేసరికి, శుక్రవారం పొద్దున పౌడర్ వాసనతో నిండిపోయే ఆ చిన్న గది మీద నాకు ఎక్కడలేని బెంగ వస్తుంది. బావ కువైట్ వదిలేసి వచ్చి ఇంటి దగ్గరే ఉంటున్నాడు. బిడ్డ కరీంనగర్ హాస్టల్లో ఉండి చదువుతోంది, సాయంత్రమైతే వీడియో కాల్ చేస్తుంది. ఫోన్ మోగగానే బావ ఎత్తి గట్టిగా చెవికి ఆనించుకుంటాడు. అవతల నుంచి పిల్ల అరుస్తుంది: "బాపూ, నీ చెవ్వే కనవడ్తుంది! ఫోన్ ముంగట వెట్టుకో, నన్ను జూడు!" బావ కళ్లు మూసుకుని, ఫోన్ ఇంకా దగ్గరకు అదుముకుని, "నువ్వు మాట్లాడు బిడ్డా, నాకు మంచిగ కనవడ్తున్నవ్" అంటాడు. ఆయనకు ఆ ఫోన్ ఎట్లా పట్టుకోవాలో జర నేర్పవే అని అక్క నన్ను పోరుతుంటుంది. ఊళ్లో సగంమందికి కంప్యూటర్ నేర్పినదాన్ని, ఈ ఒక్కటి మాత్రం రేపు నేర్పుతాలే అని దాటేస్తూ వస్తున్నాను.