పుట్టిలో అందరూ కూర్చునేదే

అనంతపురంలో పడవల సంఘమా! మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను, దాచుకోవడమెందుకు. కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి పొద్దు గడిపే జిల్లాలో పడవెక్కడ తేలుతుందని. ఇది ఎనభైల మొదట్లో మాట. నేను ధర్మవరంలో టీచరుగా చేరి రెండేళ్లయింది. అనంతపురంలో కొందరు యువకులు కలిసి ఆదివారాలు పెన్నా డ్యాములో పుట్టి పడవ నడపడం నేర్పుతున్నారని తెలిసింది. నడవలేనివాళ్లు, చూపు లేనివాళ్లు, అన్నీ సరిగ్గా ఉన్నవాళ్లు ఒకే పుట్టిలో ఎక్కాలన్నది వాళ్ల నియమం. తోడు వచ్చి సాయం చేసే మనుషులు కావాలన్నారు. నాకు వెంటనే రత్న గుర్తొచ్చింది.

రత్న మా వీధి చివర పట్టు మగ్గం నేసే నారాయణప్ప కూతురు. పదహారేళ్లది. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. గుంత మగ్గం అంటే కాళ్లతో తొక్కాలి కదా, అందుకని నేత నేర్పలేదు. పొద్దస్తమానం మూల కూర్చుని రాట్నం తిప్పుతూ కండెలకు పట్టు దారం చుట్టేది. ఎక్కడికి పోవాలన్నా నాయన వీపే. నేను పోయి అడిగితే నారాయణప్ప ఎగాదిగా చూశాడు. "నీళ్లలోకా? నీకేమన్నా పిచ్చా టీచరమ్మా?" నేనూ మొండిదాన్నే. మూడు రోజులు వెంటపడ్డాను. చివరికి, "ఒక్కసారే. నేనూ వస్తా. ఏమన్నా తేడా వచ్చిందా, మళ్లా ఈ మాట నా ఇంట్లో ఎత్తగూడదు" అన్నాడు. కండె చుట్టే రత్న చెయ్యి ఆగిపోయింది.

ఆదివారం పొద్దున ఐదున్నర బస్సుకు బయల్దేరాం. మనిషికి మూడున్నర టికెట్టు. ఏడు దాటాక అనంతపురం బస్టాండులో దిగి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. మీరెప్పుడన్నా పోతే వేడివేడిగా తినండి, ఆరితే బాగుండదు. అక్కడి నుంచి బళ్లారి రోడ్డు మీద పోయే బస్సెక్కి కూడేరులో దిగాం. ఇక మిగిలిన దారికి ఎద్దులబండే గతి. బండాయన ఐదు రూపాయలడిగాడు. "డ్యాము కాడ ఏం పని మీకు?" అన్నాడు. నారాయణప్ప ముఖం తిప్పుకున్నాడు. రత్నే చెప్పింది, "పుట్టి తోలేదానికి పోతాండాం అన్నా." ఆయన వెనక్కి తిరిగి దాని కాళ్లవంక చూసి, ఎద్దుల్ని అదిలించాడు. దారి పొడుగునా ఎండిన వేరుశనగ చేలే. మలుపు తిరిగేసరికి ఎదురుగా నీళ్లు! అన్ని నీళ్లు ఒక్కచోట చూసి అమ్మో అనేశాను.

పుట్టి అంటే తెలియనివాళ్లకు చెబుతున్నా, అదొక పెద్ద వెదురు బుట్ట. అడుగున తారు పూసిన గుడ్డ కప్పుతారు. నేర్పేది హనుమంతన్న, అక్కడ చేపలు పట్టే మనిషి. రత్నను ముందు కూర్చోబెట్టి నడుముకు లారీ ట్యూబు తగిలించి తెడ్డు చేతికిచ్చాడు. "పుట్టిలో అందరూ కూర్చునేదే పాపా. నిలబడేదానికి ఈడ ఎవరికీ కాళ్లు లేవనుకో" అన్నాడు. రత్న పకపకా నవ్వింది. చూపు లేని ఒక అబ్బాయి, నేను, హనుమంతన్న వెనక కూర్చున్నాం. నారాయణప్ప గట్టు మీదే నిలబడ్డాడు. ఏళ్ల తరబడి రాట్నం తిప్పిన చేతులు కదా, పది నిమిషాల్లో రత్న పుట్టిని గిరగిరా తిరగనివ్వకుండా నేరుగా నడిపించేసింది.

తేడా వచ్చింది నా వల్లే. అడుగున కాస్త నీరు ఊరుతోంది. హనుమంతన్న నాకో చెంబు ఇచ్చి తోడమన్నాడు. తోడాను. తోడి, పక్కనే ఉన్న చేపల బకెట్లో పోశాను! ఏం చేయను, నీళ్లు పారబొయ్యడం మా చేతికి రాదు. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు కూడా బర్రెకే. బకెట్ నిండి ఒరిగితే సరిచేద్దామని లేచి నిలబడ్డాను. అంతే, పుట్టి ఒక్కసారిగా పక్కకు వాలి గిర్రున తిరిగింది. గట్టు మీంచి నారాయణప్ప కేక. "యాడ పోస్తాండావమ్మా? బయటికి పొయ్!" అని హనుమంతన్న. "అక్కా, కూర్చో!" అని రత్న. కూలబడ్డాను. రత్న రెండో వైపుకు ఒరిగి, తెడ్డు లోతుగా వేసి, రెండు లాగుల్లో పుట్టిని నిలబెట్టింది. నాకు సిగ్గూ భయమూ రెండూ. సాయానికి వచ్చినదాన్ని నేనే ముంచబోయాను.

గట్టు చేరగానే నారాయణప్ప మోకాళ్ల లోతు నీళ్లలోకి వచ్చి వీపు వంచాడు. "చాలు. ఎక్కు, పోదాం." రత్న కదల్లేదు.

"నాయనా, నువ్వే ఎక్కు" అంది.

"ఏమంటాండావు?"

"ఇన్నేండ్లు నన్ను మోసినావు. ఒక్క తూరి నేను తీసకపోతా."

ఆయన అలాగే వంగి ఉండిపోయాడు. ఎంతసేపటికో నడుము ఎత్తి, నా వంక చూడకుండా, నేను దిగిన చోట ఎక్కి కూర్చున్నాడు. రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకున్నాడు. పుట్టి నీళ్ల నడుమకు పోయింది. గట్టు మీంచి చూస్తున్నా, అంచు వదిలి చెంబు అందుకున్నాడు. తోడి తోడి ఎక్కడ పోశాడనుకున్నారు? బకెట్లోనే! "నాయనా, బయటికి!" అని రత్న నవ్వుతూ అరవడం మా అందరికీ వినిపించింది. నవ్వుతూనే ఏడ్చాను.

తిరిగి వచ్చాక గట్టు మీద రాగి సంగటి, వేరుశనగ ఊరుబిండి పచ్చడి పెట్టారు. నారాయణప్ప తలొంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, ఎవర్నీ చూడకుండా అడిగాడు, "వచ్చే ఆదివారం కూడా ఐదున్నర బస్సేనా టీచరమ్మా?"

తర్వాత చాలా ఆదివారాలు ఆ దారిన పోయాం. బస్సు దాకా ఆయన వీపు మీద వచ్చే పిల్ల, నీళ్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి తిప్పేది. సాయం చేద్దామని పోయిన నేను అక్కడ నేర్చుకున్నది కుదురుగా కూర్చోవడం. మీరూ పోతే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: పుట్టిలో ఊరిన నీళ్లు బయటికే పొయ్యండి. మన చెయ్యి ఒప్పుకోదు. అయినా పొయ్యండి.