రబౌల్ దగ్గర ఆగిపోయిన దండు

మా ఇంటి మగవాళ్ళు దసరా నాడు జమ్మి పట్టుకొని ఎవరి గడపా తొక్కలేదు. ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి జనమే మా ఇంటికి వచ్చేవాళ్ళు. రైతుల పసుపు కమీషన్‌కు అమ్మిపెట్టడానికి ఆర్మూర్ మార్కెట్లో తాత పెట్టిన అడ్తి దుకాణం మూతపడ్డాక ఆ వచ్చేవాళ్ళు ఏటికేడు తగ్గారు. చివరిదాకా వచ్చింది ఒక్క ఇంటివాళ్ళే. తాత దగ్గర గుమాస్తాగా చేసిన మనిషి కొడుకు, అప్పటికి సొంతంగా పెద్ద అడ్తి నడుపుతున్నాడు. రెండేళ్ళుగా ఆయన కూడా రావడం మానేశాడు. అది నాకు మింగుడుపడలేదు. ఎందుకు రావడం లేదని అడగడానికి మనసొప్పలేదు.

ఆయన కొడుకు నా ఈడువాడు. నిజామాబాద్‌లో డిగ్రీ కలిసి చదివాం. వానాకాలంలో మార్కెట్టుకు పసుపు రాదు కనుక అతనికి మధ్యాహ్నాలు ఖాళీ. నాకు అన్ని కాలాలూ ఖాళీయే. ఊళ్ళోకి అప్పుడప్పుడే నెట్ సెంటర్లు వస్తున్న రోజులు. బస్టాండు ఎదురుగా ఉన్న సెంటర్లో ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరం కూర్చొని పసిఫిక్ యుద్ధం ఆట ఆడేవాళ్ళం. ఒకరి వంతు నడుస్తుంటే రెండోవాడు మొహం గోడవైపు తిప్పుకోవాలి. నాది అమెరికా, అతనిది జపాన్. నూరు వంతుల్లోగా నేను సైపాన్ దీవి పట్టుకోవాలి. అక్కడి నుంచి బాంబర్లు టోక్యో దాకా పోతాయి కనుక అది దొరికితే ఆట నాది. దొరకకపోతే అతనిది.

పందెం మాట అతనే తెచ్చాడు.

"ఏం పెడుదాం సేటూ? చాయలు, సమోసాలు వద్దు. జర పెద్దది చెప్పు."

"నువ్వు ఓడితే ఈ దసరాకు మీ బాపును తోల్కొని మా ఇంటికి జమ్మి తేవాలె" అన్నాను. అనేశాక గాని ఎంత లోపలి మాట బయటపెట్టానో తెలియలేదు.

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. "మరి నువ్వు ఓడితే?"

"నేనే మీ ఇంటికి వస్త."

"చూసుకో మల్ల. మాట మాటనే."

"మా ఇంట్ల మాట తప్పుడు లేదు."

నెట్ సెంటర్ నడిపే పెద్దమనిషి కౌంటర్ దగ్గర నుంచి, "ఇద్దరికిద్దరు డిగ్రీలు చదివిన్రు" అన్నాడు.

మొదటి ముప్పై వంతులు బాగానే నడిచాయి. తరువాత రబౌల్ వచ్చింది. దక్షిణాన పెద్ద రేవు, చుట్టూ విమానాలు దిగే మైదానాలు. అందులో అతను లెక్కకు మించి సైన్యాన్ని నింపిపెట్టాడు. అలాంటి చోటు ఎదురైతే దారులు రెండే. మీదపడి పట్టుకోవడం ఒకటి. చుట్టుపక్కల చిన్న దీవులు తీసుకొని, అక్కడ మన విమానాలు దింపి, రబౌల్‌కు తిండి మోసే ఓడలను ముంచి, దాన్ని అట్లాగే ఎండగట్టి ముందుకు పోవడం రెండోది. లోపలున్న వేలమంది సైనికులు ఎక్కడికీ కదల్లేక కూర్చుంటారు. రెండోదే తెలివైన పని అని నాకు తెలుసు. తెలియక ఓడిపోయానని ఇప్పుడు ఎవరన్నా అంటే ఒప్పుకోను.

కాని చేతకాలేదు. పసుపు తవ్వకాల ముందు మా తాత ఆలూరు, మెండోర, కమ్మర్‌పల్లి అని చూడకుండా ప్రతి ఊరికీ స్వయంగా పోయి రైతుల మధ్య కూర్చునేవాడట. ఒక్క ఊరి పసుపు వేరేవాళ్ళ దుకాణానికి పోయినా పరువు పోయినట్టే లెక్క. మొండికేసిన ఒక్క ఊరి కోసం నెల తిరిగి, వస్తామన్న రెండు ఊళ్ళను పోగొట్టుకున్న ఏడాది కూడా ఉందని నాన్న చెప్పేవాడు. గొప్పగానే చెప్పేవాడు. నేనూ గొప్పగానే విన్నాను. వెనక వేరేవాడి జెండా ఎగురుతుండగా పక్కనుంచి జారుకోవడం నాకు దొంగచాటు పనిలా తోచింది.

రబౌల్ మీద మొదటి దాడి విరిగింది. రెండోసారి సగం దండు దిగాక కరెంటు పోయింది, ఆ వంతు మళ్ళీ ఆడాల్సి వచ్చింది. మళ్ళీ ఆడినా విరిగింది. అప్పుడు పెద్దమనిషి లేచి వచ్చి నా వెనక నిలబడ్డాడు.

"సేటూ, గా రబౌల్‌ను ఇడిసిపెట్టి పోరాదు? దాని జోలి నీకెందుకు?"

గోడవైపు తిరిగి కూర్చున్న నా మిత్రుడు భుజాలు కదిలేలా నవ్వాడు. "చెప్పకు కాకా. ఆయన ఇడువడు. ఇడువడనే గంతమందిని గాడ పెట్టిన."

ఆ మాట విన్నాకైనా నేను ఓడలను ఉత్తరానికి మళ్ళించాల్సింది. కాని వినక ముందు మళ్ళించి ఉంటే అది నా తెలివి. విన్నాక మళ్ళిస్తే అతను ఎగతాళి చేసి దారి చూపినట్టు. మూడోసారి కూడా రబౌల్ మీదికే పంపాను.

రబౌల్ నా చేతికి వచ్చేసరికి డెబ్బై తొమ్మిదో వంతు. దండులో మిగిలింది సగం. అది పట్టుకున్నందుకు నాకు దక్కిన లాభమంటూ ఏమీ లేదు. ఈలోగా అతను సైపాన్‌లో తీరం పొడవునా కందకాలు తవ్వించి, విమానవాహక నౌకలన్నీ అక్కడే కాపలా పెట్టాడు. తొంభై ఆరో వంతులో నా చివరి ఓడ మునిగింది. మౌస్ బల్లమీద పెట్టి లేచాను. పెద్దమనిషి గంట పైసలు అడగడం కూడా మరిచిపోయాడు.

దసరా సాయంత్రం జమ్మి పూజ అయ్యాక ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను. గుప్పిట్లో ఆకులు చెమటకు తడిశాయి. వాళ్ళ ఇంటి గేటు తీసే ఉంది. కొత్త పంచె కట్టుకొని, చెప్పులు కూడా వేసుకొని వాళ్ళ నాన్న అరుగుమీద కూర్చున్నాడు. పక్కనే స్టీలు పళ్ళెంలో జమ్మి, పసుపు, కుంకుమ. నన్ను చూసి గబుక్కున లేచాడు.

"అయ్యో, మీరు వచ్చుడేంది చిన్న సేటూ? మీ ఇంటికే బయలెల్లినం. వీడే ఆపిండు, ఆయనే వస్తడు ఆగుమని."

నా మిత్రుడు గడపలో నిలబడి తల గోక్కున్నాడు. "మీ ఇంట్ల మాట తప్పుడు లేదంటివి గద" అన్నాడు.

నేను జమ్మి ఆయన చేతిలో పెట్టాను. కాళ్ళ దగ్గరికి వంగబోతే ఆయన భుజాలు పట్టి లేపి, గుండెకు హత్తుకొని అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. పళ్ళెంలోంచి ఆకులు తీసి నా చేతిలోనూ పెట్టాడు. "పదుండ్రి, అందరం గలిసి మీ ఇంటికి పోదాం. మీ అమ్మకు మొక్కక రెండేండ్లాయె" అన్నాడు. పళ్ళెం చేతిలోకి తీసుకున్నాడు కూడా. పందెం ఓడిన నా మీద జాలిపడి వస్తున్నట్టు నాకు తోచింది.

"ఎందుకు? ఇచ్చుడు పుచ్చుకొనుడు ఈడనే అయిపాయె గద" అన్నాను.

గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన నా మొహంలోకి చూసి, పళ్ళెం మెల్లగా అరుగుమీద పెట్టాడు.