భూషణం గారి పెద్దక్షరాల పుస్తకం

మాయాబందర్ రేవు దగ్గర బస్సు దిగీ దిగని భూషణం చెయ్యి పట్టేసుకున్నాడు నూకన్న. "భయ్యా, జహాజ్ కూతేసేసింది! టికెట్ మెషిన్ ఖరాబంట. రేపే మా అమ్మకి పోర్ట్‌బ్లెయిర్‌లో ఆపరేషను!"

"నేనెందుకయ్యా? కౌంటర్లో నా పుస్తకం ఉందిగా," అన్నాడు భూషణం అలవాటుగా. టికెట్ల సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌ని సులువు మాటల్లోకి దించి, ముసలి కళ్ళకూ ఆనే అక్షరాల్లో అచ్చు తీసి, బల్ల మీద చక్కగా పరుచుకునేలా వలతాడుతో కుట్టిన ఘనుడాయన. వెనక సూచిక నిండా జనం మొరపెట్టుకునే మాటలే.

నూకన్న ఆయన్ని కౌంటర్‌కి లాక్కెళ్ళాడు. అక్కడ టికెట్లిచ్చే సీతారత్నం సూచికలో వేలు పెట్టగానే 'టికెట్ రాకపోతే' దొరికింది. ఆ పేజీ తీసి పైకి చదివింది: "భూషణాన్ని పిలవండి."

వరుసంతా గొల్లున నవ్వింది.

"వెతకడం మాత్రం బహుత్ ఆసాన్, ఇట్టే దొరికింది భూషణంగారూ!" అంది సీతారత్నం.

చెవులు ఎర్రబడ్డ భూషణం తెర మీద ఆగిపోయిన పాత టికెట్‌ని చెరిపేశాడు. కొత్తది బయటికొచ్చింది. నూకన్న తల్లిని ఎత్తుకుని ఓడ వైపు పరిగెత్తాడు. భూషణం పుస్తకంలో తన పేరు కొట్టేసి, కింద పెద్దక్షరాల్లో 'పాత టికెట్ చెరిపి మళ్ళీ కొట్టండి' అని రాసి, ఎవరికీ చెప్పకుండా బస్సు వైపు నడిచాడు.