ఉప్పునీళ్ళు పోసింది నేనే

చాలా ఏళ్ళుగా ఒక సంగతి నా లోపల కూర్చుని ఉంది. అన్నం వారుస్తున్నప్పుడు ఉంటుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఉంటుంది. మా ఆయన నవ్వినప్పుడు మరీ ఉంటుంది. దాన్ని మోయడం అలవాటైపోయిందనే అనుకున్నాను. అలవాటు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానో కూడా చెప్పాలి. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, చదవడం మాత్రం ఎవరికీ రాదు. గడప దాటితే అంతా తమిళమే. పక్క వాటాలో కొన్నాళ్ళు అద్దెకున్న నెల్లూరు టీచరమ్మ దయవల్ల నాకు ఈ అక్షరాలు వచ్చాయి. నా మాట వింటే వాళ్ళ తాతమ్మ గుర్తొస్తుందని ఆవిడ నవ్వేది. ఈ కాగితం మా ఆయన కంటబడినా ఆయనకు ఏమీ తెలియదు. ఆయన గురించే రాస్తూ, ఆయన చదవలేని అక్షరాలు వెతుక్కోవడం కూడా తప్పేనా? కావచ్చు. ఇంకో దారి నాకు దొరకలేదు.

ముందు నా గర్వం సంగతి చెప్పనివ్వండి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

నేను కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊళ్ళో పుట్టాను. మాది పత్తి, మిరప పండించే ఇల్లు. నడక వచ్చినప్పటి నుంచీ మా నాయన వెంట సాళ్ళలో తిరిగాను. ఆకును తిప్పి అడుగువైపు చూడడం ఆయనే నేర్పాడు. ఈనె పక్కన ఏం పాకుతోంది, పసుపు అంచు నుంచి వస్తోందా నడుమ నుంచి వస్తోందా, ముదురాకు ముందు వాడిందా లేతాకా. అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పెళ్ళయి విరుదునగర్ వచ్చాక నాకు పొలం లేకుండా పోయింది. మేడ మీద పెయింటు బకెట్లలో కరివేపాకు, మల్లె, వంగ పెంచుకున్నాను. వీధిలో ఎవరి మొక్క వాడినా ఒక ఆకు తుంచుకుని మా ఇంటికి వస్తారు. నేను చూసి చెబుతాను. తప్పు చెప్పింది చాలా తక్కువ. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

మా ఆయన నాకు వరసకు మామ అవుతాడు, ఇప్పటికీ మామా అనే పిలుస్తాను. ఆయనదీ మా పక్క ఊరే. ఇంట్లో రెండో కొడుకు. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఆయనకు కాస్త చోటిచ్చి మిరపనారు వెయ్యమన్నాడట. అది మొత్తం ఎండిపోయింది. నలుగురి ముందూ ఆయన నాయన, "నీ చెయ్యి మట్టికి పడదురా. నీవు పట్టాసు కంపెనీకి పో" అన్నాడట. పొలం అన్న చూసుకున్నాడు. ఈయన తిరుత్తంగల్ వైపు టపాకాయల కంపెనీలో చేరాడు. పెళ్ళయిన కొత్తలో ఈ కథ నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు వెనక ఏముందో నాకు అప్పుడే తెలిసింది. తెలిసిందని మీరు గుర్తుపెట్టుకోండి. నేను తెలియక చేసినదాన్ని కాను.

ఒక ఆదివారం ఆయన నన్ను మేడ మీదికి రమ్మన్నాడు. నీళ్ళ ట్యాంకు వెనక గోనెపట్టా చాటున ఒక బకెట్. దాంట్లో నడుము ఎత్తు మొక్క. వేళ్ళు విప్పిన చెయ్యిలాంటి ఆకులు చూడగానే అది గంజాయని తెలిసిపోయింది. వెన్నునొప్పికి కంపెనీలో ఎవరో అలవాటు చేశారట. బయట కొనడానికి భయమేసి ఒక గింజ నాటుకున్నాడట. అది ఇప్పుడు వాడిపోతోంది, కాస్త చూడమన్నాడు.

పోలీసులకు తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇల్లు, పరువు, ఆయన ఉద్యోగం అన్నీ పోతాయి. నిజం చెప్పనా? ఆ భయం రాకముందే నా చెయ్యి వెళ్ళి ఆకును తిప్పింది. అడుగున సన్నటి సాలెగూడు, చుక్కల్లా పాకుతున్న ఎర్రనల్లి. అది సగం రోగమే. మట్టిలో వేలు పెడితే బురద. బకెట్‌కు అడుగున చిల్లు లేదు. పాపం, ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి వేళ్ళు కుళ్ళబెడుతున్నాడు.

అప్పుడే పీకి పారెయ్యమని అనవలసింది. అనలేదు. జబ్బుపడిన మొక్కను చూసి ఊరుకోవడం నా చేత కాలేదు. చిల్లులు పొడిపించాను. బురద తీయించి ఎర్రమట్టి, ఇసుక కలిపి వేయించాను. ఒక్కొక్క ఆకును అడుగువైపు కడిగి, వేపనూనెలో సబ్బునీళ్ళు కలిపి తుడవడం నేర్పించాను. మట్టి ఆరేదాకా నీళ్ళు ముట్టవద్దన్నాను. ఆయన నేను చెప్పింది చెప్పినట్టు చేశాడు. కొన్నాళ్ళకు కొత్త చిగురు వచ్చింది. మొక్క నిటారుగా లేచింది. నా చేతిమీదుగా కోలుకున్న మొక్కల్లో అంత అందమైనది ఇంకొకటి లేదు. ఎవరికీ చెప్పుకోలేకపోయినా ఆ గర్వం ఇప్పటికీ నాలో ఉంది.

ఆయన గర్వం వేరు. రోజూ సాయంత్రం దాని ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. "చూస్తివా? నేను పెంచినది," అనేవాడు. అది గంజాయన్న సంగతే మరచిపోయినట్టుండేది ఆ ముఖం. ఆ ముఖం చూసి నేను కూడా మురిసిపోయాను.

తర్వాత ఆకు కోసి ఎండబెట్టాడు, పొగ మొదలయింది. ముందు రాత్రిపూట మాత్రమే తాగేవాడు. కొన్నాళ్ళకు పొద్దున బస్సెక్కేముందు కూడా.

ఒక సాయంత్రం, ఆయన ఇంకా ఇంటికి రాకముందే, జయరాణి వచ్చింది. ఆయనతోపాటు టపాకాయల మందు కలిపే షెడ్డులో పనిచేసే అమ్మాయి, మా తెలుగుపిల్లే, ఆదివారం చర్చికి పోయేటప్పుడు మా ఇంటి ముందు నుంచే పోతుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి గొంతు తగ్గించింది.

"అక్కా, అన్న ఈ దినం ఒక మాదిరిగా, మత్తులో మాదిరి ఉండె. మందు తట్టను ఎత్తకుండా నేలమీద ఈడ్వబాయె. నేనే చెయ్యి పట్టి నిలిపితిని. ఫోర్మేనుకు చెప్పలా. నీకు చెప్తాండా."

అంతే చెప్పి వెళ్ళిపోయింది. మందు పరిచిన తట్టను నేలమీద ఈడిస్తే ఏమవుతుందో మా వైపు ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రాపిడి చాలు, మందు అంటుకోవడానికి. ఆ షెడ్డులో ఆయన, జయరాణి, ఇంకా ఎవరెవరో. నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆ మొక్కను బతికించింది నేనే గదా అన్న ఒక్క ఆలోచనే తిరుగుతోంది తలలో.

ఆయనను నేను అడగగలిగేదాన్ని. జయరాణి చెప్పిందని ఎదురుగా కూర్చోబెట్టి, ఏడ్చి, కాళ్ళు పట్టుకుని అయినా మాన్పించగలిగేదాన్ని. ఎందుకు అడగలేదు? అడిగితే సరేనంటాడు, మళ్ళీ బయట కొంటాడు, అప్పుడు నాకు కనబడకుండా తాగుతాడు అనుకున్నాను. మొక్కను పీకేస్తే ఇంకొకటి నాటుతాడు, అగ్గిపెట్టెలో గింజలు దాచుకున్నాడు అనుకున్నాను. ఇవన్నీ నిజాలే. అయినా ఒక్కసారైనా అడిగి చూడవలసింది. ఒక్క మాటయినా ఆయనతో అనకుండా, మనిషికి కూడా రోగం నేనే తేల్చి, మందు నేనే నిర్ణయించాను. ఆయనంతట ఆయనకే ఆశ చచ్చిపోవాలి అనుకున్నాను.

మరుసటి రోజు ఆయన బస్సెక్కాక, తూత్తుకుడి కల్లుప్పు గుప్పెడు నీళ్ళలో కరిగించి మేడ మీదికి తీసుకెళ్ళాను.

మొక్కను ఒక్కరోజులో చంపడం ఎవరికైనా వస్తుంది. రోగంతో చచ్చినట్టు చంపడం అంత తేలిక కాదు. కొంచెం పోసి ఆగాలి. ఆకు కొన మాడాలి, తర్వాత అంచు, తర్వాత ఈనెల దాకా. ఎక్కడ ఆపాలో, మళ్ళీ ఎప్పుడు పొయ్యాలో నాకు తెలుసు. అంత చక్కగా చేశాను. చెప్పకూడదేమో గాని, ఆ పనిమీద కూడా నాకు గర్వంగానే ఉండేది.

ఆయన కొనలు మాడిన ఆకును అరచేతిలో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేవాడు, కాఫీ కూడా తాగకుండా. నేను ఆకును తిప్పి చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు, శుభ్రంగా ఉండేది. "మళ్ళీ నల్లి, మామా," అనేదాన్ని. ఆయన పైకి వెళ్ళి ఒక్కొక్క ఆకును తడిగుడ్డతో తుడిచేవాడు. మా బోరునీళ్ళు చవుడని, వీధి కుళాయి నుంచి మంచినీళ్ళు బిందెతో మేడ మీదికి మోశాడు, నొప్పెట్టే వెన్నుతోనే. ఆ నీళ్ళ మీద నేను మధ్యాహ్నం నావి పోసేదాన్ని.

మొక్క చచ్చిపోయింది. పొద్దున పట్టా తీసి చూస్తే కాండం మెత్తబడి పక్కకు వాలిపోయి ఉంది. ఆయన నన్ను పిలిచాడు. కోపం లేదు ఆ గొంతులో.

"నీవు చెప్పినట్టే అంతా చేస్తిని గదా. ఏంటికి సచ్చిపాయ?"

"చేస్తివిలే మామా."

"మరి?"

అప్పుడు నేను ఏదైనా చెప్పవచ్చు. ఎండ అనవచ్చు, మట్టి అనవచ్చు, తెలియదు అనవచ్చు. ఇంకో గింజ నాటకూడదు అన్న ఒక్కటే నా మనసులో ఉంది. ఎక్కడ తగిలితే ఆయన మళ్ళీ లేవడో నాకు తెలుసు.

"కొందరి చెయ్యి మట్టికి పడదు మామా," అన్నాను. "నీ చెయ్యి అట్లాంటిది."

ఆయన తన అరచేతుల వైపు చూసుకున్నాడు. వాటికి మట్టి అంటుకుని ఉంది.

"మా నాయన కూడా అట్లే చెప్పె," అన్నాడు. "నేనే నమ్మకుంటిని."

బకెట్ బోర్లించి మట్టి దులిపి, మొక్కను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టాడు. అగ్గిపెట్టె తెచ్చి గింజలు కూడా ఆ మంటలోనే వేశాడు. నేను అడగలేదు, ఆయనే వేశాడు. ఆ తర్వాత పొగ మానేశాడు. బయట కూడా తాగలేదని నాకు తెలుసు, ఆయన కళ్ళు చూస్తే తెలుస్తుంది. మరుసటి ఏడు షెడ్డు పని వదిలి లేబుళ్ళు అచ్చువేసే చోట చేరాడు. ఈ రోజుకీ ఆయన వేళ్ళు పదీ ఉన్నాయి. మా వీధిలో అందరి ఇళ్ళలోనూ ఆ మాట చెప్పుకోలేరు. నేను చెప్పుకోగలను. జయరాణికి పెళ్ళయింది, చంకలో పిల్లవాడితో మొన్న బజారులో కనబడింది. వాళ్ళను చూస్తే నా గుండె పొంగుతుంది. ఇది నేను చేసిన పని.

అక్కడితో అయిపోయి ఉంటే నేను ఈ కాగితం ముట్టేదాన్ని కాను.

మా ఆయన వాళ్ళ నాయన పోయాక అన్నగారు మా ఇంటికి వచ్చాడు. మంచి మనిషి. సగం పొలం నీది, వచ్చి చూసుకో, మొదటి ఏడు నేను తోడుంటాను అన్నాడు. కోవిల్‌పట్టి నల్లరేగడి. మా నాయన పొలానికి అవతలి గట్టు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. పెళ్ళయిన రోజు నుంచి నేను ఎదురుచూసిన మాట అది. మా ఆయన తల వంచుకుని, "వద్దన్నా. నా చెయ్యి పెడితే అది కూడా పోతాది. నీవే ఉంచుకో," అన్నాడు. అన్నగారు నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. నేను గ్లాసులు కింద పెట్టాను. నోరు తెరవలేదు. తెరిస్తే ఉప్పు సంగతి చెప్పాలి, ఆ పొద్దు నేనన్న మాట సంగతి చెప్పాలి. భూమికంటే నాకు నా రహస్యమే ఎక్కువయింది.

ఇప్పుడు ఆయన మేడ మీదికి బట్టలు ఆరెయ్యడానికి వస్తాడు. నా బకెట్ల మధ్య నుంచి చేతులు దగ్గరకు ముడుచుకుని నడుస్తాడు. చారులోకి కరివేపాకు కావాలంటే నన్ను పిలుస్తాడు. తాను ముట్టుకుంటే మొక్కకు కీడని, నిజంగానే, భక్తిగా నమ్ముతున్నాడు. మల్లె పూసిన రోజు దూరం నుంచి చూసి, "నీ చెయ్యి మంచి చెయ్యి," అంటాడు. నేను మాట మారుస్తాను.

ఆయనకు చెప్పేస్తే పోతుందా? ఎన్నోసార్లు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయనకు చెయ్యి తిరిగి వస్తుంది, నేను పోతాను ఆయన కళ్ళల్లోంచి. నాకు అంత ధైర్యం లేదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు.

మళ్ళీ ఆ రోజే వస్తే ఉప్పునీళ్ళు మళ్ళీ పోస్తాను. దాని గురించి నాకు అనుమానం లేదు. ఆ మాట మాత్రం అననని చెప్పాలని ఉంది. చెప్పలేను. ఆ భయంలో ఏమంటానో నాకే తెలియదు.

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఇది, కనీసం కాగితం మీదనైనా ఒక్కసారి ఉండాలని రాస్తున్నాను. ఆయన చెయ్యి మంచిదే. ఆ మొక్క ఆయన చేతిలో చావలేదు. నేను చంపాను.