కొత్త ముఖం మీద సున్న

కందిగింజంత రాయి ఒంట్లోంచి బయటికి పోతే, దాంతోపాటు ఆరడుగుల మనిషి బలమంతా ఎట్లా పోయింది? ఉన్నప్పుడు కదా బరువుండాలి, పోయాక తేలికపడాలి కదా. బోర్డులాయన విషయంలో లెక్క తిరగబడింది. డాక్టరుని అడిగితే "మామూలేనండి" అన్నాడు. భార్యని అడిగితే "నీళ్ళు సరిగ్గా తాగరు" అన్నది. ఇన్నేళ్ళు గడిచాక తీరిగ్గా కూర్చుని ఆలోచించినా జవాబు తట్టడం లేదు. పోనీ, జరిగింది చెప్పుకుంటే పోతుంది.

బోర్డులాయన అంటే షాపుల ముందు పేర్లు రాసే మనిషి. మందుల షాపు, సైకిళ్ళ రిపేరు, చెప్పుల కొట్టు, అన్నిటి నెత్తినా ఆయన దస్తూరీయే. రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు గానీ ఆయన సున్న ఎవరికీ రాదు. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి చెయ్యి ఏమాత్రం వణికినా దాచుకోవడానికి మూలలంటూ ఉండవు. అందులోనూ సున్న మరీ మొండిది. కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క తిప్పులో బయల్దేరిన చోటికే వచ్చి కలవాలి. కంపాస్ పెట్టి గీశారా అని అడిగిన పెద్దమనిషితో ఆయన ఏడాదిపాటు మాట్లాడలేదు.

నొప్పి వచ్చినప్పుడు నిచ్చెన మీదే ఉన్నాడు. నడుములో ఎవరో మేకు పెట్టి సుత్తితో కొట్టినట్టయింది. ఎట్లా దిగాడో తెలియదు గానీ, దిగాక మాత్రం ఫుట్‌పాత్ మీద చాపలా చుట్టుకుపోయాడు. సైకిళ్ళ షాపువాళ్ళు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇంజెక్షనిచ్చి, స్కానింగ్ గదిలో బల్ల మీద పడుకోబెట్టి, పొట్టకి చల్లటి జిగురు పూశారు. తెర వంక చూస్తున్న అమ్మాయి పక్కనున్న నర్సుతో "రాయి" అన్నది.

ఇంజెక్షను అప్పుడే తలకెక్కుతోంది. బోర్డులాయన కళ్ళు తెరవకుండానే, "ఏం రాయమంటారు?" అన్నాడు.

"మిమ్మల్ని కాదండీ. రాయి. ఆరు మిల్లీమీటర్లు."

"ఆరు మిల్లీమీటర్లయితే రోడ్డు మీంచి ఎవరికి కనపడుతుందమ్మా. తక్కువలో తక్కువ ఆరంగుళాలుండాలి."

నర్సు ముఖం తిప్పేసుకుని గోడతో నవ్వుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ భార్య, "ఆయన అట్లాగే మాట్లాడతారు, మీ పని మీరు చూసుకోండమ్మా" అన్నది. "రిపోర్టు రాసేశానండీ" అన్నది ఆ అమ్మాయి. "ఏ రంగుతో?" అన్నాడు బోర్డులాయన, ఆ తర్వాత నిద్రలోకి జారుకున్నాడు.

కొన్నాళ్ళు నరకం చూపించి, ఒక తెల్లవారుజామున రాయి తనంతట తానే పడిపోయింది. భార్య సంతోషం పట్టలేక ఆడపడుచు ఇంటికి ఫోన్ చేసి, "అన్నయ్యా, రాయి పడింది" అన్నది. అవతల ఫోనెత్తింది ఆడపడుచు మొగుడు, క్షౌరం షాపాయన. నిద్రమత్తులో ఉన్నాడు. "ఎవరి మీద?" అన్నాడు.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. నొప్పి లేదు, జ్వరం లేదు, కానీ చొక్కా బొత్తాలు పెట్టుకుని మంచం మీద కూలబడేవాడు. కూలబడ్డందుకు మళ్ళీ అలసట. దువ్వెన తల దాకా ఎత్తితే చెయ్యి సగంలోనే తన దారి తాను చూసుకునేది. వింతేమిటంటే, నీరసంతోపాటు నవ్వు కూడా పట్టుకుంది. చెంబు ఎత్తలేకపోతే నవ్వు, చెప్పులో కాలు దూరకపోతే నవ్వు. నవ్వితే అలసట, ఇంత దానికే అలిసిపోయానే అని మళ్ళీ నవ్వు. తల గాలిపటంలా పైన ఎగురుతుంటే, దారం చివర తను కింద వేలాడుతున్నట్టుండేది.

భార్య ఇంట్లోనే మిషను కుడుతుంది. ఆవిడ దగ్గర గడియారం పని లేదు. ఒక చొక్కా కుట్టడం అయితే మొగుడికి ఒక గ్లాసు నీళ్ళు. కాలరు కుట్టేటప్పుడు మిషను చప్పుడు నెమ్మదిస్తుంది, కాజాల దగ్గర ఆగుతుంది. అది ఆగిందంటే గ్లాసు వస్తోందని ఈయనకి గుండెల్లో గుబులు.

"ఈ గ్లాసు నిక్కరు లెక్కలోకొస్తుంది, సగమే తాగుతా" అనేవాడు.

"నిక్కరు కాదు, నిండు ప్యాంటు. తాగండి."

"ఇంత నీళ్ళు తాగుతున్నాను, పళ్ళ రసం తాగుతున్నాను. నీరూ పోయిస్తున్నావు, రసమూ పోయిస్తున్నావు. రెండూ కలిస్తే నీరసం కాక ఇంకేమవుతుందే?"

"మాటలకి మాత్రం నీరసం లేదు" అని ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్ళిపోయేది.

ఈ నవ్వులన్నిటి అడుగునా ఒక భయం ఉంది. దాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు భార్య స్నానానికి వెళ్ళగానే, బీరువా మీద సుద్దతో ఒక సున్న చుట్టి చూశాడు. మొదలు బాగానే ఉంది. సగం దూరం వెళ్ళేసరికి చెయ్యి వణికి ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది. వెనక్కి జరిగి చూస్తే అచ్చం డాక్టరు గది గోడ మీద బొమ్మలో ఉన్న కిడ్నీ. పడీ పడీ నవ్వాడు. నవ్వు ఆగాక దాన్ని చేత్తో తుడిచేశాడు. సున్న పోతే ఆయన దగ్గర ఇంకేముంది? నిచ్చెన ఎవరైనా ఎక్కుతారు.

ఆ సాయంత్రమే క్షౌరం షాపు బావ వచ్చాడు. ఈయన చెల్లెల్ని చేసుకున్నవాడు, ఈడుకి సమానం కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పాత షాపు వదిలేసి వీధి మలుపులో కొత్తది తీసుకున్నాడు. పేరు కూడా పెట్టేశాడు, కొత్త ముఖం అని. ఎల్లుండి పొద్దున్నే తెరవాలి. షట్టరు పైన గోడ తెల్లగా బోసిగా ఉంది.

"నీకోసం ఇన్నాళ్ళూ ఆగాను బావా" అన్నాడు, ముందున్న నీళ్ళ గ్లాసు వంక చూస్తూ. "ప్లాస్టిక్ అక్షరాలవాడు రేపు సాయంత్రం వస్తానంటున్నాడు. నువ్వు ఊ అంటే వాణ్ణి ఆపేస్తా. లేదంటే ఏమీ అనుకోకు."

మిషను చప్పుడు ఆగింది. "అన్నయ్యా, ఆయన మంచమే రెండు విడతల్లో దిగుతున్నారు. నిచ్చెనంటే మాటలా? నీరసం తగ్గేదాకా ఆగమన్నాడు డాక్టరు" అన్నది భార్య లోపల్నుంచి.

"అదీ నిజమే చెల్లెమ్మా" అన్నాడు బావ. మర్నాడు ఆవిడ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి గడప దాటగానే, బోర్డులాయన కుంచె జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

ఆయన మరీ గుడ్డిగా ఏమీ వెళ్ళలేదు. మంచం పట్టిన ఇన్నాళ్ళలో ఒక కిటుకు కనిపెట్టాడు. అలసట వచ్చాక కూర్చుంటే అది దిగదు. అది వచ్చేలోపే, ఇంకా బాగానే ఉన్నాననిపిస్తున్నప్పుడే పనాపి పడుకోవాలి. పనిలో ఉన్నవాడికి అంత అవమానం ఇంకోటి లేదు. కానీ అట్లా చేస్తేనే ఒంట్లో కాస్త మిగులుతుంది.

"ఒక అక్షరం, ఒక నిద్ర" అన్నాడు బావతో. "నీ కుర్చీ కావాలి."

కొత్త కుర్చీ. మీట నొక్కితే వెనక్కి వాలిపోతుంది, ఇంకా కవరు కూడా పూర్తిగా ఊడలేదు. నిచ్చెన బావే మోసుకొచ్చి గోడకి ఆనించి, కదలకుండా పట్టుకున్నాడు. బోర్డులాయన తలకి తువ్వాలు చుట్టుకుని ఎక్కాడు. కాళ్ళు కాసేపు తమలో తాము ఏదో గుసగుసలాడుకుని సర్దుకున్నాయి. 'కొ' రాశాడు. ఇంకోటి కూడా రాసేయగలననిపించింది. అనిపించగానే దిగి వచ్చి కుర్చీలో పడుకున్నాడు. లేచి 'త్త' రాశాడు, కింది వత్తు తోకతో సహా. పడుకున్నాడు. దారిన పోయేవాళ్ళు ఆగి, "కొత్త... ఏంటండీ, కొత్త ఏంటి?" అని అడుగుతుంటే, "ఆయన నిద్ర లేస్తే తెలుస్తుంది" అని బావ జవాబు చెబుతున్నాడు.

'ము' అయ్యాక పట్టిన నిద్ర గాఢంగా పట్టింది. రంగు మరకలు కుర్చీకి అంటకుండా బావ ఆయన మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టాడు. ఆ గుడ్డే కొంప ముంచింది. షాపు సర్దడంలో పడి బావ కొన్నాళ్ళుగా కత్తి పట్టలేదు. ఎదురుగా కొత్త కుర్చీ, అందులో గుడ్డ కట్టుకుని తల వెనక్కి వాల్చిన మనిషి, ఆ మనిషికి ఆస్పత్రినాటి నుంచి పెరిగిన గడ్డం. చెయ్యి దురద పెడుతోంది. అయినా నిగ్రహించుకున్నాడు. సరిగ్గా అప్పుడే బోర్డులాయన నిద్రలో, కలలో ఏం కనపడిందో ఏమో, "రాయి... రాయి..." అని గొణిగాడు.

బావకి ఆ మాటకి ఒక్కటే అర్థం తెలుసు. "అట్లా అడుగు మరి" అని బ్రష్ నీళ్ళలో ముంచి, గడ్డానికి నురగ రాశాడు.

గడ్డం నున్నగా వచ్చింది. చివర్లో, నిద్రపోతున్నవాడు ఏ కలకో కిసుక్కున నవ్వాడు. పైపెదవి కదిలింది. మీసంలో ఎడమ కొస ఎగిరిపోయింది. సరిచేద్దామని బావ కుడివైపు కాస్త తీశాడు. కుడి తగ్గింది. ఎడమ సర్దాడు. ఎడమ మరీ తగ్గింది. తూకం కుదిరేసరికి తూచడానికేమీ మిగల్లేదు.

బోర్డులాయన లేచి అద్దంలో చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరితను?" అన్నాడు.

"నువ్వే రాయమన్నావు బావా. ఒకసారి కాదు, రెండుసార్లన్నావు."

"కిడ్నీలో రాయి రా నాయనా."

"గడ్డం పెంచుకుని కుర్చీలో వాలిన మనిషి రాయి అంటే కిడ్నీలోకి ఎందుకు పోతానయ్యా నేను?"

అంతే, ఇద్దరికీ నవ్వు పట్టుకుంది. ఒకరు ఆపితే రెండోవారు ఎత్తుకుంటున్నారు. బోర్డులాయన పెళ్ళినాటి నుంచి ఉన్న మీసం నేల మీద నురగలో పడుంది. బావ చీపురు తీసుకుని, ఊడవలేక, దాని మీదే ఆనుకుని వంగిపోయాడు. నిద్ర తెచ్చిపెట్టిన బలం నవ్వులో సగం ఖర్చయిపోతోందని గుర్తొచ్చి, బోర్డులాయన పెదవులు బిగించుకుని నిచ్చెనెక్కాడు. 'ఖ' పూర్తి చేశాడు. ఇక దాని పక్కన సున్న ఒక్కటే మిగిలింది. దిగి పడుకుందామా అనుకుంటూ ఉండగా కింద చెప్పుల చప్పుడు వినపడింది. ఆ నడక ఆయనకి తెలుసు.

భార్య. ఇంట్లో మొగుడు లేడని తిన్నగా ఇక్కడికే వచ్చింది. నిచ్చెన మీదున్న, తలకి తువ్వాలు చుట్టుకున్న నున్నటి ముఖం మనిషిని పైకి చూసి, "ఏమండీ, ఇక్కడికి ఒక పెద్దాయన వచ్చారా? పొడుగ్గా, మీసం ఉంటుంది" అని అడిగింది.

పెద్దాయన అన్న మాట చురుక్కుమంది. నోరు తెరిస్తే ఆవిడ గొంతు గుర్తుపట్టేస్తుంది. బోర్డులాయన గోడవైపే ముఖం పెట్టుకుని, కుంచెతో వాళ్ళ ఇంటి దారి చూపించాడు.

ఆవిడ షాపులోకి తొంగి చూసింది. "అన్నయ్యా, వేరే ఆయన్ని పెట్టుకున్నారా? మంచి పని చేశారు. మా ఆయన అటే వెళ్ళారట, చూస్తాను. ఆయనకి చెప్పకండి, మనసు కష్టపెట్టుకుంటారు."

బావ చీపురు వెనక ముఖం దాచుకుని, ఊ అనబోయి దగ్గాడు.

ఆవిడ రోడ్డు దిగబోతూ ఆగి, గోడ వంక మరోసారి చూసింది. "చెయ్యి బాగానే ఉంది పాపం. కానీ సున్న చూసుకోండి నాయనా. అది ఒక్క మా ఆయనకే వస్తుంది" అని నిచ్చెన మీదికి చెప్పి వెళ్ళిపోయింది.

పైనున్న మనిషికి నవ్వు వస్తోంది, కళ్ళు మాత్రం చెమరుస్తున్నాయి. ఇప్పుడు దిగి పడుకుని లేచి ఎక్కేసరికి ప్లాస్టిక్ అక్షరాలవాడు వచ్చి కూర్చుంటాడు. అన్నిటికన్నా ముందు, ఆవిడ ఇల్లు చేరి తను అక్కడ లేడని చూస్తుంది. కుంచె నిండా రంగు ముంచి అంచుకి ఒత్తాడు. గోడకి ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు.

కుంచె పైనుంచి ఎడమకి వాలింది, అడుగుకి దిగింది. బీరువా మీద నొక్కుకుపోయిన చోటికి వచ్చింది. అక్కడ చెయ్యి ఆగుదామా అని అడిగింది. కుంచె ఆ మలుపు దాటి, పైకెక్కి, బయల్దేరిన చోటికి తిన్నగా వచ్చి కలిసింది.

గుండ్రంగా ఉంది. ఎటుచూసినా గుండ్రంగానే ఉంది.

ఆయన ఒక్కొక్క మెట్టే దిగి, నేల మీద నిలబడ్డాక నిచ్చెన పట్టుకుని కాసేపు ఆగాడు. లోపల బావ గోడకి ఇంకో అద్దం బిగిస్తున్నాడు. నోట్లో మేకులు, వీపు ఇటువైపు. "బావా, ప్లాస్టిక్‌వాణ్ణి రావద్దని చెప్పేస్తున్నా" అంటున్నాడు పళ్ళ మధ్య నుంచే. "చెల్లెమ్మకి మీసం సంగతి నేను చెబుతాలే, నువ్వు నోరెత్తకు. కాస్త పడుకుని వెళ్ళు, కుర్చీ వాల్చే ఉంచాను. వింటున్నావా?"

బోర్డులాయన విన్నాడు. కుంచె గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. దగ్గరి దారిన వెనక సందులోంచి పోతే, మధ్యలో ఒకచోట అరుగు మీద కూర్చుని లేచినా, ఆవిడకన్నా ముందు ఇల్లు చేరొచ్చు. వెళ్ళొస్తానని కూడా అనకుండా, నిచ్చెన అక్కడే వదిలేసి, తొందరపడకుండా సందులోకి తిరిగాడు. బావ ఇంకా అద్దంతో మాట్లాడుతూనే ఉన్నాడు.