అవాలి రోడ్డు మీద పరుగెత్తిన అమ్మాయి

తొంభైల్లో నేను బహ్రెయిన్‌లో పికప్ డ్రైవర్‌ని. ఒక సాయంత్రం, చమురు కంపెనీ వాళ్లుండే అవాలి రోడ్డు మీద నల్లజాతి అమ్మాయి ఒకతె ఒంటరిగా పరుగెత్తుతూ కనిపించింది. పక్కన కూర్చున్న మా ఊరి రాజన్న, "ఎవలింట్లనో పనిచేసే పిల్ల. పనికి పెట్టుకున్న కఫీల్ కొట్టిండేమో, పారిపోతుంది. బండి ఆపన్నా" అన్నాడు.

అలా పారిపోయినవాళ్లను మేం ఎరుగుదుం. బండి ఆపి, వెనక టార్పాలిన్ ఎత్తి, దాక్కోమని సైగ చేశాను. ఆ పిల్ల బెదిరిపోయి రాయి అందుకుంది. అంతలో వెనకే ఒక కారు వచ్చి ఆగింది. దిగినాయన ఆమె తండ్రి, అమెరికన్ ఇంజనీరు; కూతురు పరుగు సాధన చేస్తుంటే వెనకే కారులో వస్తాడట. పోలీసులను పిలుస్తాడేమోనని గబగబా చేతులు జోడించాను. వచ్చీరాని ఇంగ్లీషులో జరిగింది చెప్పి, అమెరికా వాళ్లంతా తెల్లగా ఉంటారనుకున్నానని కూడా అనేశాను.

ఆ మాటకు అమ్మాయి రాయి కింద పడేసి, "మా దేశంలో దూరపు పరుగు తెల్లపిల్లలదే అనుకుంటారు. నల్లపిల్లవని నన్ను వంద మీటర్ల పరుగుకు పొమ్మంటారు. నాకేమో దూరమే ఇష్టం" అని మళ్లీ పరుగందుకుంది.

"ఎవలూ తరుమకుండనే గంత దూరం ఎందుకురుకుతదన్నా?" అని రాజన్న అడిగాడు.

ఇప్పటికీ టీవీలో దూరపు పరుగు వస్తే, అమెరికా వాళ్లలో ఆమె ఉందేమోనని వెతుకుతాను.