కర్నల్ మావయ్యకు అన్నీ నకిలీలే

మా కర్నల్ మావయ్య తలుపు మీద సుద్దముక్కతో "ఇక్కడ నకిలీ నిపుణుడు ఉన్నాడు" అని రాసింది నేనే. ఆయన బయటికొచ్చి, భూతద్దం పెట్టి అక్షరం అక్షరం పరీక్షించి, "ఇది మా మేనల్లుడి చేతిరాత. అసలు సిసలైనది" అని వీధికంతా ప్రకటించాడు. జన్మలో ఆయన అసలుదని ఒప్పుకున్నది అదొక్కటే. పాత సైనిక వస్తువు ఏది తెచ్చి చూపించినా నకిలీ అనడం ఆయన జబ్బు.

కర్నల్ అన్నది ఊరు పెట్టిన పేరే, మావయ్య సైన్యం మొహం చూడలేదు. ఆయన దర్జీ. కుక్క మొరిగితే కుట్టుమిషను వెనక్కి చేరతాడు. కానీ ఏ గుండీ ఏ పటాలానిదో వాసన చూసి చెబుతాడు. ఇల్లంతా సొట్టపడ్డ హెల్మెట్లు, తుప్పుపట్టిన నీళ్ళసీసాలు. అన్నీ పాతసామాన్ల కొట్లలో ఏరుకొచ్చినవే, ఎవరివో తెలియనివే.

"ఏమండీ, ఈ హెల్మెట్లో ఉల్లిపాయలు పోసుకోనా?" అనేది అత్తయ్య.

"పోసుకో. తడి తగలనీకు. లోపలి తోలు నీకంటే పెద్దది."

"వయసులోనా, విలువలోనా?"

మావయ్య భూతద్దం తుడుచుకునేవాడు.

ఎవరైనా పతకం తెస్తే ఆ తంతు చూడాలి. ముందు అయస్కాంతం, తర్వాత నగల త్రాసు. ఆపైన పతకాన్ని నిలబెట్టి, అంచు చుట్టూ భూతద్దం తిప్పుతూ పావుగంట. చివరికి "నకిలీ!" వచ్చినవాడి మొహం వాడిపోయేది. "అయినా రిబ్బను చివికిపోయింది, చూడలేను. కూర్చో" అని రంగులు సరిపోయే గుడ్డ వెతికి కొత్త రిబ్బను కుట్టి, పిన్నుకు నూనె రాసి, మెత్తటి గుడ్డలో చుట్టి ఇచ్చేవాడు. కూలి పుచ్చుకునేవాడు కాదు.

మా నాన్న తండ్రి పతకం ఒకటి నా దగ్గర ఉండేది. నాకప్పుడు ఉద్యోగం లేదు. దొరికిన పుస్తకమల్లా చదవడం, కనిపించినవాడినల్లా తిట్టుకోవడం, ఇదే పని. పతకం అమ్ముకుని ఊరు వదిలిపోదామనుకున్నాను. మంచి ధర పలకాలని బూడిద, నిమ్మకాయ పెట్టి రెండు గంటలు తోమాను.

అమ్మేముందు అసలుదో కాదో తేల్చమని చూపిస్తే మావయ్య గుండె పట్టుకున్నాడు. "తోమావట్రా?"

"మెరవాలని..."

"అన్నం గిన్నె అనుకున్నావా? ఎన్నేళ్ళకి పట్టిన రంగురా అది! ఒక్క నిమ్మకాయతో దిగ్గొట్టావు!"

పావుగంట అంచు చూశాడు. "నకిలీ" అన్నాడు. రిబ్బను కుట్టి, గుడ్డలో చుట్టి చేతిలో పెట్టాడు. నేను మూటను పెట్టె అడుక్కి విసిరేసి, సుద్దముక్క వెతుక్కున్నాను.

మూడేళ్ళకు వేరే ఊళ్ళో ఒక అచ్చాఫీసులో పని దొరికింది. బయల్దేరే ముందురోజు పాతపుస్తకాల కొట్లో పతకాల మీద ఒక చిరుగుల పుస్తకం తిరగేశాను. మా తాత పతకం బొమ్మ అందులో ఉంది. ఆ రకానికి అంచు మీద సన్నటి అక్షరాల్లో సైనికుడి పేరు, నంబరు చెక్కుతారట. పరుగున ఇంటికి వెళ్ళి మూట విప్పాను. నేను తోమి సగం అరగదీసిన అక్షరాల్లో మా తాత పేరు! గుడ్డ మడతలో ఒక చీటీ కూడా ఉంది. మావయ్య చేతిరాతలో అదే పేరు, అదే నంబరు, కింద "ఇంకెప్పుడూ తోమకు" అని.

ఆయన్ని చివరిసారి కలిసింది ఆ సాయంత్రమే.

"అసలుదే కదా మావయ్యా! అబద్ధం ఎందుకు చెప్పావు? అందరికీ ఇదే చెప్పావా?"

"నకిలీ అంటే ఇంటికి పట్టుకుపోతారు. అసలుదంటే అటునుంచటే అమ్మడానికి కొట్టుకెళ్తారు. ఆ తర్వాత పదేళ్ళకు నా దగ్గరికొచ్చి 'మా తాతది ఎక్కడైనా కనిపించిందా' అని ఏడుస్తారు. ఎన్ని కొట్లు తిరిగినా దొరకదురా."

"నేను మూడేళ్ళు నిన్ను తిట్టుకున్నాను తెలుసా!" గొంతు పెంచాను.

మావయ్య గబుక్కున నా నోరు మూసి, లోపలి గదివైపు కళ్ళతో చూపించాడు.

"మెల్లగా మాట్లాడరా! లోపల ఒకడు వాళ్ళ తాత కత్తి పట్టుకొచ్చి కూర్చున్నాడు. అది నకిలీదని వాడికింకా చెప్పలేదు."